రెజ్యూమెలో పైథాన్ ఉంది... పని ఎక్కడుంది?

ఫైనలియర్ వాళ్ల రెజ్యూమెలు ఓ పది తీసి బల్ల మీద వరసగా పరచండి. ‘స్కిల్స్’ అని రాసిన చోట దాదాపు అన్నింటిలోనూ పైథాన్ కనిపిస్తుంది. దాని కింద రెండో మూడో ఆన్‌లైన్ సర్టిఫికెట్లు, ఒక ఇంటర్న్‌షిప్, ఫేస్ రికగ్నిషన్ అటెండెన్స్ లాంటి ఒక ప్రాజెక్టు. పేరు, ఫొటో తీసేస్తే ఏది ఎవరిదో చెప్పడం కష్టం. ఇంటర్వ్యూ చేసేవాళ్లదీ అదే కష్టం. వాళ్ల ముందున్న ప్రశ్న ‘ఈ అమ్మాయికి పైథాన్ వచ్చా?’ అని కాదు. ‘వచ్చని నేనెలా నమ్మాలి?’ అని.

ఆ నమ్మకం సర్టిఫికెట్ ఇస్తుందనుకుని మనం డబ్బు కడుతున్నాం. నంద్యాలలో చదువు అయిపోగానే హైదరాబాద్ అమీర్‌పేటలోనో బెంగళూరులోనో హాస్టల్లో చేరడం, కోచింగ్‌కి ఒక ఫీజు, ‘ప్లేస్‌మెంట్ గ్యారంటీ’కి ఇంకో ఫీజు. ఇంట్లోవాళ్లు వడ్లు అమ్మిన డబ్బో, బంగారం కుదువపెట్టి తెచ్చిన డబ్బో పంపుతుంటారు. కోచింగే తప్పని నేననను. రోజూ కూర్చుని చదివే అలవాటు కోసం కొందరికి అది అవసరమే. కానీ పైథాన్ విషయంలో అసలు సరుకు అక్కడ లేదు. అది బయటే, ఉచితంగా, అందరి కళ్ల ముందే ఉంది. దాన్ని తయారుచేసేవాళ్లూ అక్కడే ఉన్నారు. వాళ్ల మధ్యకు వెళ్లి, చిన్నదైనా సరే, పదిమందికీ కనిపించే పని ఒకటి చేసి పెట్టండి. ఇంకో సర్టిఫికెట్ కన్నా మీకు ఎక్కువ పనికొచ్చేది అదే.

ఎవరి సొత్తూ కాని భాష

పైథాన్‌ను గీడో వాన్ రాసమ్ అనే డచ్ ప్రోగ్రామర్ 1989 డిసెంబరులో, క్రిస్మస్ సెలవుల్లో మొదలుపెట్టారు. 1991 ఫిబ్రవరిలో మొదటి వెర్షన్‌ను బయటపెట్టారు. దాని సోర్స్ కోడ్ ఎవరైనా చూడొచ్చు, మార్చుకోవచ్చు. ఏ ఒక్క కంపెనీకీ దాని మీద పెత్తనం లేదు. 2001లో ఏర్పడిన పైథాన్ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ అనే లాభాపేక్ష లేని సంస్థ దాని హక్కులు చూసుకుంటోంది. 2018లో భాషలోకి ఒక కొత్త గుర్తు తేవడం మీద పెద్ద వాదనే నడిచింది. గీడో ఆ మార్పును ఆమోదించి, జులైలో తుది నిర్ణయాలు తీసుకునే బాధ్యత నుంచి తప్పుకున్నారు. 2019 నుంచి కోర్ డెవలపర్లు ఓటేసి ఎన్నుకునే ఐదుగురు సభ్యుల స్టీరింగ్ కౌన్సిల్ ఆ పని చేస్తోంది.

ఇదంతా బిట్టు ప్రశ్న కోసం చెప్పట్లేదు. ఈ భాషలో పెద్ద మార్పు ఏది రావాలన్నా ముందు ‘పెప్’ అనే ప్రతిపాదన పత్రం రాయాలి. ఈ మార్పు ఎందుకు కావాలి, దీనివల్ల ఎవరి పాత కోడ్ దెబ్బతింటుంది, వేరే దారులు ఏమున్నాయి, వాటిని ఎందుకు వద్దనుకున్నారు... ఇవన్నీ అందులో ఉంటాయి. తిరస్కరించిన పెప్‌లను కూడా చెరిపేయకుండా అలాగే ఉంచారు. అనుభవమున్న ఇంజినీర్లు ఎలా ఆలోచిస్తారో, మర్యాద తప్పకుండా ఎలా విభేదిస్తారో తెలుసుకోవడానికి ఇంతకన్నా మంచి పాఠం ఏ ఇన్‌స్టిట్యూట్‌లోనూ దొరకదు. వారానికి ఒక్కటి చదవండి చాలు. ‘మీ ప్రాజెక్టులో ఈ పద్ధతే ఎందుకు ఎంచుకున్నారు?’ అని ఇంటర్వ్యూలో అడిగితే జవాబు ఎలా చెప్పాలో మీకే తెలిసొస్తుంది.

పైథాన్‌కూ కరెంట్ అఫైర్స్ ఉన్నాయి

గ్రూప్స్‌కి చదివేవాళ్లు రోజూ పేపర్ తిరగేస్తారు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి పోయేవాళ్లు మాత్రం తాము వాడే భాషలో ఏం జరుగుతోందో చూడరు. కనీసం ఈ నాలుగు సంగతులు తెలిసి ఉండాలి.

ఒకటి, వెర్షన్లు. ఏటా అక్టోబరులో ఒక కొత్త వెర్షన్ వస్తుంది. ఒక్కోదానికి ఐదేళ్ల పాటు మద్దతు ఉంటుంది. 2025 అక్టోబరు 7న 3.14 వచ్చింది. అదే నెలలో 3.9 గడువు తీరింది. 3.10 గడువు 2026 అక్టోబరుతో సరి. మీ కాలేజీ ల్యాబ్‌లో ఏ వెర్షన్ ఉందో ఒకసారి చూసి రండి. ఏ పుస్తకంలోనైనా ప్రింట్ పక్కన బ్రాకెట్లు లేకుండా కనిపిస్తే అది పైథాన్ 2 నాటిది. 2020 జనవరి 1తో దాని కథ ముగిసింది. ఆ నోట్సు జిరాక్స్ తీయించడం దండగ.

రెండు, గిల్. ‘గిల్ అంటే ఏమిటి?’ అన్నది ఇంటర్వ్యూల్లో పాత ప్రశ్న. ఒక ప్రాసెస్‌లో ఒక సమయంలో ఒక్క థ్రెడ్డే పైథాన్ కోడ్‌ను నడిపేలా చూసే తాళం అది. ఆ తాళం లేని రూపం 3.13లో ప్రయోగంగా వచ్చింది. 3.14లో దానికి అధికారిక మద్దతు దక్కింది. మామూలుగా ఇన్‌స్టాల్ చేసుకుంటే మాత్రం ఇప్పటికీ తాళం ఉన్నదే వస్తుంది. పాత నోట్సు బట్టీపట్టినవాళ్లు సగం జవాబు చెప్పి ఆగిపోతారు. మిగతా సగం మీరు చెప్పొచ్చు.

మూడు, భద్రత. పిప్ కమాండుతో మనం దించుకునే ప్యాకేజీలన్నీ ‘పైపీఐ’ అనే భాండాగారం నుంచి వస్తాయి. అందులో 5 లక్షలకు పైగా ప్రాజెక్టులున్నాయి. అవి ఎవరైనా పెట్టొచ్చు. అందుకే పేరులో ఒక్క అక్షరం అటూ ఇటూ చేసి దొంగ ప్యాకేజీలు పెట్టేవాళ్లూ ఉన్నారు. 2024 జనవరి నుంచి అక్కడ ప్యాకేజీ పెట్టాలంటే రెండంచెల లాగిన్ తప్పనిసరి. మీరు ఏదైనా ఇన్‌స్టాల్ చేసేముందు స్పెల్లింగ్ రెండుసార్లు చూసుకోండి.

నాలుగు, డబ్బు. ప్రపంచమంతా వాడుతున్న ఈ భాష వెనకున్న ఫౌండేషన్‌కు నిధులు అంతంత మాత్రమే. ఊళ్లలో జరిగే వర్క్‌షాపులకు అది ఇచ్చే గ్రాంట్ల కార్యక్రమాన్ని 2025లో నిలిపేయాల్సి వచ్చింది. కాబట్టి పై నుంచి ఎవరో వచ్చి మన ఊళ్లో ఏదో పెడతారని ఎదురుచూడటంలో అర్థం లేదు.

పైసా ఖర్చు లేని పాఠాలు

మొదటి వనరు పైథాన్ వాళ్ల సొంత ట్యుటోరియల్. భాషతో పాటే వచ్చే డాక్యుమెంటేషన్‌లో ఉంటుంది. మొత్తం డౌన్‌లోడ్ చేసుకుంటే నెట్ లేకపోయినా చదువుకోవచ్చు. రెండోది ఎన్‌పీటీఎల్. ఐఐటీ రోపార్ ప్రొఫెసర్ సుదర్శన్ అయ్యంగార్ చెప్పే ‘జాయ్ ఆఫ్ కంప్యూటింగ్ యూజింగ్ పైథాన్’ కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు సరిపోతుంది. చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్ ప్రొఫెసర్ మాధవన్ ముకుంద్ కోర్సు డేటా స్ట్రక్చర్లు, ఆల్గరిథమ్‌ల కోసం. పాఠాలు ఉచితం. పరీక్ష రాస్తేనే ఫీజు. ఇంగ్లిష్ వింటే తల తిరుగుతోందా? ఐఐటీ బాంబే స్పోకెన్ ట్యుటోరియల్ పాఠాల్లో తెలుగు ఆడియో ఉన్నవీ ఉన్నాయి, అక్కడి నుంచి మొదలుపెట్టండి.

ల్యాప్‌టాప్ లేదని ఆగిపోయేవాళ్లు మన దగ్గర చాలామంది. గూగుల్ కొల్యాబ్ బ్రౌజర్‌లోనే నడుస్తుంది, ఫోన్‌లో కూడా. రోజంతా దాని మీద పని చేయడం కష్టమే కానీ మొదటి నెల గడిచిపోతుంది.

ఇక మనుషులు. మన దేశపు పైథాన్ సదస్సు ‘పైకాన్ ఇండియా’ 2009లో బెంగళూరులో మొదలైంది. 2018లో, మళ్లీ 2023లో హైదరాబాద్‌లోనే జరిగింది. నడిపేదంతా వాలంటీర్లే. టికెట్, ప్రయాణ ఖర్చులు పెట్టుకోలేని విద్యార్థులకు ఆర్థిక సాయం కోసం దరఖాస్తు చేసుకునే వీలూ ఉంది. హైదరాబాద్‌లో ‘హైడ్‌పై’ అనే యూజర్ గ్రూపు ఉంది. 2017 నుంచి ‘పైకాన్ఫ్ హైదరాబాద్’ పేరుతో సదస్సు కూడా జరుగుతోంది. వెళ్లలేకపోతే ఈ సదస్సుల ప్రసంగాలు యూట్యూబ్‌లో చూడొచ్చు.

ఆళ్లగడ్డ ఉలి చెప్పే మాట

ఇన్ని ఉచితంగా ఉన్నా ‘చూశాను’ అన్నంత మాత్రాన ఉద్యోగం రాదు. చూసినదాన్ని పనిగా మార్చాలి. అదెలాగో తెలియాలంటే ఆళ్లగడ్డ వెళ్లండి. అక్కడి రాతి శిల్పాలకు భౌగోళిక గుర్తింపు ఉంది. గుడికి విగ్రహం చేయించుకోవడానికి ఎక్కడెక్కడి నుంచో వచ్చేవాళ్లు శిల్పిని ‘ఏ కోర్సు చేశావ్?’ అని అడగరు. ఎదురుగా నిలబెట్టిన పని చూస్తారు. ముక్కు తీరు చూస్తారు, వేళ్ల సందులు చూస్తారు, నునుపు చేత్తో తడిమి చూస్తారు.

పని నేర్చుకునే తీరు కూడా గమనించండి. కొత్తగా చేరిన కుర్రాడికి మొదటిరోజే దేవుడి కళ్లు చెక్కమని ఎవరూ ఉలి ఇవ్వరు. రాయి చదును చేయడం, గీత గీయడం, నునుపు పట్టడం... పెద్దవాళ్ల పక్కన కూర్చుని, వాళ్ల చేతులు చూస్తూ చేయాలి. ఓపెన్‌సోర్స్‌లో పనీ సరిగ్గా ఇలాగే నడుస్తుంది. మొదట డాక్యుమెంటేషన్‌లో ఒక తప్పు దిద్దుతారు. తర్వాత ఎవరో చెప్పిన బగ్ తమ కంప్యూటర్లోనూ వస్తుందో లేదో చూసి, ఏ వెర్షన్‌లో వస్తోందో రాస్తారు. ఆ తర్వాత ఒక టెస్టు. ఆ తర్వాతే కోడ్. చాలా ప్రాజెక్టుల్లో కొత్తవాళ్ల కోసమే ‘గుడ్ ఫస్ట్ ఇష్యూ’ అని ముద్ర వేసి పనులు విడిగా పెడతారు.

ఇక్కడొక హెచ్చరిక. 2020 అక్టోబరులో ‘హ్యాక్టోబర్‌ఫెస్ట్’ అనే కార్యక్రమంలో నాలుగు మార్పులు పంపితే టీషర్టు అన్నారు. దాంతో ఉన్న వాక్యానికి ఒక విశేషణం తగిలించి పంపేవాళ్లు వేలంవెర్రిగా తయారయ్యారు. అందులో మన దేశపు విద్యార్థులూ ఎక్కువే. ప్రాజెక్టులు నడిపేవాళ్లు విసిగిపోయారు. చివరికి నిర్వాహకులు మధ్యలోనే నియమం మార్చి, ప్రాజెక్టు వాళ్లు ఒప్పుకుంటేనే లెక్కిస్తామన్నారు. టీషర్టు కోసం చేసే పని సర్టిఫికెట్ కోసం చేసే పని లాంటిదే. చూసేవాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది.

నంద్యాలకు ఎన్ని అక్షరాలు?

‘మరి నేనేం చేయాలి? నాకేం వచ్చని?’ అంటారేమో. మీకు వచ్చినది, అమెరికాలో కూర్చున్న సీనియర్ ఇంజినీర్‌కు రానిది ఒకటుంది. తెలుగు.

ఇప్పుడే ఒక చిన్న ప్రయోగం చేయండి. పైథాన్‌లో ‘లెన్’ అనే ఫంక్షన్ పదం పొడవు చెబుతుంది. దానికి ‘నంద్యాల’ అని ఇవ్వండి. మనం లెక్కపెడితే నం, ద్యా, ల... మూడే. పైథాన్ 7 అంటుంది. ‘ఆళ్లగడ్డ’ ఇవ్వండి. మనకు నాలుగు, దానికి 8. పైథాన్ తప్పు చెప్పట్లేదు. అది లెక్కించేది మన అక్షరాలను కాదు, యూనికోడ్ సంకేతాలను. న, సున్నా, ద, పొల్లు, య, దీర్ఘం, ల. అవి ఏడు. అదే ‘నంద్యాల’ను తిరగేయమంటే ‘లాయ్దంన’ అని ఇస్తుంది. పాలిండ్రోమ్ ప్రోగ్రాం తెలుగులో రాసి చూస్తే ల్యాబ్ రికార్డులో ఉన్న జవాబు ఎందుకు పనికిరాదో అర్థమవుతుంది.

ఇది సరదా లెక్క కాదు. పేరుకు 20 అక్షరాలే అని పరిమితి పెట్టిన ఫారంలో తెలుగు పేరు మధ్యలో తెగిపోతుంది. మెసేజ్‌ను కత్తిరించే ప్రోగ్రాం ఒత్తును ఒకచోట, హల్లును ఇంకోచోట వదిలేస్తుంది. అక్షరాన్ని మనిషి చూసినట్టే లెక్కించడానికి యూనికోడ్ వాళ్లు నియమాలు రాశారు. 2023 సెప్టెంబరులో వచ్చిన యూనికోడ్ 15.1లో తెలుగుతో సహా కొన్ని భారతీయ లిపుల సంయుక్తాక్షరాల కోసం ఆ నియమాలను సవరించారు. అంతకుముందు నియమం ప్రకారం ‘ద్యా’ రెండు ముక్కలు. కొత్త నియమం ప్రకారం ఒక్కటే. అక్షరాలు లెక్కించే పైథాన్ లైబ్రరీల్లో ఏది కొత్త నియమం పాటిస్తోంది, ఏది పాతదే పట్టుకుని ఉంది? ఓ వంద తెలుగు పదాలు తీసుకుని, సరైన లెక్క చేత్తో రాసుకుని, ఒక్కో లైబ్రరీనీ పరీక్షించండి. తేడా వచ్చినచోట ఆ పదం, మీకొచ్చిన జవాబు, రావాల్సిన జవాబు, వాడిన వెర్షన్ రాసి ప్రాజెక్టు వాళ్లకు పంపండి. ఒక ఆదివారం సరిపోయే పని. మీ పేరుతో ఎప్పటికీ కనిపించే పని. అందులో మీకన్నా అర్హులు ఎవరున్నారు?

ఇలాంటివే ఇంకొన్ని. పైథాన్ డాక్యుమెంటేషన్ జపనీస్, కొరియన్, ఫ్రెంచ్, స్పానిష్ లాంటి భాషల్లోకి వాలంటీర్ల చేతుల మీదుగానే వచ్చింది. ట్యుటోరియల్‌లో ఒక్క అధ్యాయం తెలుగు చేయడానికి ప్రయత్నించండి. ఆగ్‌మార్క్‌నెట్ పోర్టల్‌లో మార్కెట్ యార్డుల ధరలు వస్తుంటాయి. మీ దగ్గరి యార్డు ధరలు తీసి, నెల రోజుల తేడా తెలుగులో చూపించే స్క్రిప్టు రాయండి. మీ నాన్నకో మామకో చూపించి ఇందులో ఏం కావాలో అడగండి. వాళ్లు చెప్పినదాని బట్టి మార్చండి. ‘యూజర్ అవసరం తెలుసుకుని మార్పులు చేశాను’ అని ఇంటర్వ్యూలో చెప్పడానికి ఇంతకన్నా నిజమైన ఉదాహరణ ఉండదు.

ఏఐ రాసేస్తుంటే మనమెందుకు?

న్యాయమైన ప్రశ్నే. చిన్న చిన్న ప్రోగ్రాములు ఇప్పుడు ఏఐ క్షణాల్లో రాసిస్తోంది. అందుకే, ఫ్రెషర్ దగ్గర కంపెనీ చూసేది కోడ్ టైపు చేయడం మాత్రమే కాకుండా పోతోంది. వచ్చిన కోడ్ సరైనదో కాదో చెప్పగలగాలి. ఏఐ కొన్నిసార్లు అసలు లేని ప్యాకేజీ పేరును ఉన్నట్టే చెబుతుంది. అలాంటి పేరుతో ఎవరైనా దొంగ ప్యాకేజీ తయారుచేసి పెడితే? గుడ్డిగా ఇన్‌స్టాల్ చేసినవాడి పని అంతే. పై తెలుగు లెక్కనే తీసుకోండి. ఏఐ ఇచ్చిన జవాబు తప్పో ఒప్పో తేల్చాల్సింది ‘ద్యా’ ఒక అక్షరమని తెలిసిన మీరే. డాక్యుమెంటేషన్ చదివి, వెర్షన్ చూసి, టెస్టు రాసి నిర్ధారించుకునే అలవాటు కమ్యూనిటీ పనిలోనే అబ్బుతుంది.

ప్రశ్న అడిగే పద్ధతి కూడా అక్కడే వస్తుంది. ‘సర్, మై కోడ్ నాట్ వర్కింగ్, ప్లీజ్ హెల్ప్’ అంటే ఎవరూ పలకరు. ఏం చేయాలనుకున్నారు, ఏం రాశారు, ఏ ఎర్రర్ వచ్చింది, ఇప్పటివరకు ఏం ప్రయత్నించారు... ఈ నాలుగూ రాస్తే సాయం చేయడానికి ముందుకొచ్చేవాళ్లు ఉంటారు. తమాషా ఏమిటంటే, ఈ నాలుగూ సరిగ్గా రాసేలోపే సగంసార్లు జవాబు మనకే దొరుకుతుంది.

హైదరాబాద్ దాకా ఎందుకు?

ఇంతవరకు చెప్పినవన్నీ ఒక్కరే చేయొచ్చు. కానీ ఒక్కరే అయితే రెండో వారానికి ఆపేస్తారు. కమ్యూనిటీ అంటే మహానగరాల్లో ఉండేది, మనం యూట్యూబ్‌లో చూసేది అనే భావన పోవాలి. నంద్యాలలో ఆర్‌జీఎం, శాంతిరామ్ లాంటి ఇంజినీరింగ్ కాలేజీలున్నాయి. ప్రభుత్వ డిగ్రీ కాలేజీ ఉంది. 2022 ఏప్రిల్ నుంచి జిల్లా కేంద్రం కూడా. ఆళ్లగడ్డ నుంచి బస్సెక్కితే దిగేది ఇక్కడే. నెలకో ఆదివారం, ఒక గది, ఒక ప్రొజెక్టర్, పదిమంది. ఇంతకుమించి ఏం కావాలి?

ఒక నెల ఒకరు తాము చేసిన పని చూపించాలి. పని అంటే పని. పీపీటీలో ‘వాట్ ఈజ్ పైథాన్’ కాదు. ఇంకొకరు ఆ నెల పైథాన్ వార్తలు తెలుగులో చెప్పాలి. చివరి గంట అందరూ ఒకే ఇష్యూ మీద కూర్చోవాలి. ఆళ్లగడ్డ నుంచి వచ్చే డిగ్రీ విద్యార్థికి, నంద్యాల బీటెక్ విద్యార్థికి అక్కడ ఒకటే కుర్చీ. అమ్మాయిలు సాయంత్రం బస్సు అందుకునేలా టైము పెట్టండి.

కాలేజీ యాజమాన్యాలకూ ఒక మాట. బయటి సంస్థను పిలిచి రెండు రోజుల వర్క్‌షాపు పెట్టించి, హాజరైన అందరికీ సర్టిఫికెట్లు పంచితే నివేదికలో ఫొటోలు బాగుంటాయి. అదే ఖర్చుతో ఏడాది పొడవునా ఒక ల్యాబ్‌ను ఆదివారం తెరిచి ఉంచొచ్చు. ల్యాబ్ కంప్యూటర్లలో పైథాన్‌ను మద్దతు ఉన్న వెర్షన్‌కు మార్చొచ్చు. ఓపెన్‌సోర్స్‌లో ఆమోదం పొందిన పనిని మినీ ప్రాజెక్టుగా లెక్కించొచ్చు. ఏటా ఒకరి నుంచి ఒకరికి చేతులు మారే అటెండెన్స్ ప్రాజెక్టు కన్నా అది నయం కాదా?

ఇలా చేస్తే ఉద్యోగం గ్యారంటీ అని నేను చెప్పను. గ్యారంటీ అనే మాట ఎవరు చెప్పినా జాగ్రత్తపడాల్సిన రోజులివి. మార్కెట్ మన చేతిలో లేదు. మొదటి రౌండులో మార్కులు, ఆప్టిట్యూడ్ చూసే కంపెనీలు ఇంకా ఉన్నాయి. వాటికీ చదవండి. కానీ ఆ గడప దాటాక ఎదురుగా కూర్చున్నవాళ్లు ‘ఏం చేశావ్?’ అంటారు. అప్పుడు చూపించడానికి ఒక లింకు, చెప్పడానికి ఒక కథ, ఆ కథలో వచ్చే ఏ ప్రశ్నకైనా తడబడకుండా జవాబు ఉండాలి.

ఈ వారం చేయాల్సింది రెండే. ‘లెన్’కు మీ ఊరి పేరు ఇచ్చి చూడండి. వచ్చిన జవాబు మీ క్లాసులో ఇద్దరికి చూపించి, వచ్చే ఆదివారం ఎక్కడ కూర్చుందామో అడగండి. ముగ్గురైతే చాలు, గ్రూపు మొదలైనట్టే.